కన్ను చూడనిచోట మెదడు పూరిస్తుంది

"చూపు బాగానే ఉందండీ, ఇక కంటిపరీక్ష ఎందుకు?" అని మా కంటి విభాగంలో చాలామంది అడుగుతుంటారు. జవాబు చెప్పేముందు మీ ఇంట్లోనే ఒక చిన్న ప్రయోగం చేయమని కోరుతున్నాము.

గీతల కాగితం మీద ఒక కూడిక గుర్తు వేయండి. దానికి కుడివైపున, అదే గీతపై, 8 సెంటీమీటర్ల దూరంలో మినపగింజంత నల్లచుక్క పెట్టండి. కాగితాన్ని చేయి చాచి పట్టుకుని, ఎడమకన్ను మూసి, కుడికంటితో కూడిక గుర్తునే చూస్తూ మెల్లగా దగ్గరకు తీసుకురండి. సుమారు 30 సెంటీమీటర్ల దూరంలో చుక్క మాయమవుతుంది! అక్కడ ఖాళీ కూడా కనబడదు. కాగితం, గీత మామూలుగానే ఉన్నట్లు తోస్తుంది.

కారణమేమిటి? కంటి వెనుకనున్న రెటీనా పొర నుండి నరం బయటికి వెళ్ళేచోట వెలుగును గుర్తించే కణాలు లేవు. దీనిని 1660లలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మారియట్ కనుగొన్నారు. ఆ ఖాళీని మెదడు చుట్టుపక్కల కనబడేదానితో నింపేస్తుంది. రెండు కళ్ళూ తెరిచి ఉంటే ఒక కంటి లోటును మరొకటి తీరుస్తుంది.

ఈ మేలే ఒక్కోసారి కీడును దాచిపెడుతుంది. నీటికాసులు, అనగా గ్లాకోమా వ్యాధిలో సుమారు 10 లక్షల పోగులుండే కంటినరం కొద్దికొద్దిగా దెబ్బతింటుంది. సాధారణంగా ముందు పక్కచూపు తగ్గుతుంది. చాలామందికి నొప్పి ఉండదు, నల్లమచ్చ కనబడదు. లేనిచోట మెదడు పూరిస్తూనే ఉంటుంది. అక్షరాలు చదవగలరు కనుక చూపు బాగుందనుకుంటారు. గుమ్మానికి తగులుకోవడం, మెట్టు తప్పడం, పక్కనుంచి వచ్చే సైకిలును చూడకపోవడం మొదలయ్యేసరికి చాలా నష్టం జరిగిపోతుంది.

శుక్లానికి ఆపరేషన్ చేస్తే చూపు వచ్చినట్లు, నీటికాసులవల్ల పోయిన చూపు తిరిగి రాదు. అయితే చుక్కల మందు, లేజర్, ఆపరేషన్ ద్వారా మిగిలిన చూపును కాపాడుకునే అవకాశముంది.

కాబట్టి 40 ఏళ్ళు దాటినవారు, తల్లిదండ్రులకు గానీ తోబుట్టువులకు గానీ ఈ వ్యాధి ఉన్నవారు కంటి ఒత్తిడి, కంటినరం, పక్కచూపు పరీక్షలు చేయించుకోండి. డాక్టరు చెప్పకుండా స్టెరాయిడ్ చుక్కలు వాడకండి, వాటివల్ల కంటి ఒత్తిడి పెరగవచ్చు. ఇప్పటికే మందు వాడుతున్నవారు "ఏ తేడా తెలియడం లేదు" అని మానవద్దు. ఉన్న చూపు ఉన్నట్లే నిలవడమే ఆ మందు చేసే మేలు.