‘ఆ నాలుగు నెలలు ఏం చేశారు?’

ఇంటర్వ్యూలో నన్ను తడబెట్టిన ప్రశ్న కోడింగ్‌ది కాదు. రెజ్యూమెలో ఖాళీ చూసి, ‘ఆ నాలుగు నెలలు ఏం చేశారు?’ అన్నారు. ‘మా ఆవిడతో కలిసి వియత్నాం తీరం చూసొచ్చాను సర్’ అన్నాను. అంతే, నిశ్శబ్దం. ఆ ఉద్యోగం రాలేదు.

మీక్కూడా ఏదో ఒక రోజు ఈ ప్రశ్న ఎదురుకావచ్చు. అందుకే ఇది రాస్తున్నా.

కారు డబ్బుతో...

ఒకే నెలలో నా ఉద్యోగం పోయింది, తన కాంట్రాక్టూ ముగిసింది. కారు కోసం దాచిన డబ్బుంది. ‘ఇప్పుడా తిరుగుళ్లు?’ అని ఇంట్లో గొడవ. వియత్నాం 2023 ఆగస్టు నుంచి 90 రోజుల ఇ-వీసా ఇస్తోంది. అప్పట్లో రూపాయికి సుమారు 300 డాంగ్‌లు. రెండున్నర నెలలు అక్కడి మధ్య తీరంలో నెమ్మదిగా తిరగాలని బయల్దేరాం.

హ్యూ నుంచి దనాంగ్‌కు రైలెక్కండి. హైవాన్ కనుమ దగ్గర ఒకవైపు కొండ, మరోవైపు కిందనే సముద్రం. హోయాన్‌కు దగ్గర్లోని మీసన్‌లో చంపా రాజులు కట్టిన ఇటుక శివాలయాలున్నాయి. 1969లో అమెరికా బాంబులకు చాలా దెబ్బతిన్నాయి. మన పురావస్తు శాఖ అక్కడ మరమ్మతులు చేస్తుండగా 2020లో తొమ్మిదో శతాబ్దపు ఏకశిలా శివలింగం బయటపడింది. తిండి సంగతా? ‘చాయ్’ అన్న బోర్డు చూసి టీ కోసం వెళ్లాం. తీరా చూస్తే అక్కడ ఆ మాటకు శాకాహారం అని అర్థం!

వాన నేర్పిన పాఠం

తప్పూ చేశాం. మన దగ్గర నైరుతి వెనక్కి మళ్లే అక్టోబరులోనే అక్కడ వానలు ముదురుతాయి. అది చూసుకోకుండా వెళ్లాం. హోయాన్‌లో తూబోన్ నది వీధుల్లోకొచ్చింది. రెండు రోజులు పై అంతస్తులోనే.

అంతకుముందు రోజే ఒక పొరపాటు జరిగింది. 20 వేల డాంగ్‌ల నోటు, 5 లక్షల నోటు రెండూ నీలమే. బ్రెడ్ అమ్మే ఆవిడకు పెద్ద నోటిచ్చి వచ్చేస్తుంటే, ఆవిడే పిలిచి వెనక్కిచ్చింది. ఇక వానలో కూర్చుని డాంగ్‌లను రూపాయల్లో చూపే చిన్న యాప్ రాశాను. నెట్ లేకున్నా పనిచేయాలి, ఖర్చులు లెక్కరాయాలి... గర్వంగా తనకిచ్చాను. పది నిమిషాల్లో తప్పు పట్టేసింది. అక్కడి కొట్లలో వేలు పలకరు. 50 అంటే 50 వేలు. తను 50 అని కొడితే నా యాప్ 17 పైసలు చూపించింది! మళ్లీ రాశా. కాలేజీ ప్రాజెక్టులో ఎవరూ చెప్పని పాఠం: వాడేవాళ్లు నీ లెక్క ప్రకారం టైప్ చేయరు.

రెండో ఇంటర్వ్యూ

మళ్లీ అదే ప్రశ్న. ఈసారి ‘తిరిగాం’ అని ఆగిపోలేదు. నీలం నోటు కథ చెప్పి, యాప్ చూపించాను. ఆ 50 దగ్గర ప్యానెల్‌లో ఒకాయన నవ్వేశారు. తర్వాత ఇరవై నిమిషాలు దాని మీదే ప్రశ్నలు. ఉద్యోగం వచ్చింది.

అలాగని ఖాళీ వస్తే విమానమెక్కమని చెప్పను. తిరిగొచ్చాక ఒక నెల అద్దెకు నాన్నను అడగాల్సొచ్చింది. ఆ సిగ్గు ఇంకా గుర్తుంది. మీరు వెళ్లాల్సొస్తే మూడు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టాకే టికెట్ కొనండి. అక్కడి వానాకాలం ఎప్పుడో చూసుకోండి. టూరిస్టు వీసా మీద ఉద్యోగం చేయొచ్చనుకోకండి.

ఊళ్లోనే ఉన్నా సరే, ఖాళీగా ఉన్న రోజుల్లో మీ కంటపడిన ఒక్క ఇబ్బందిని పరిష్కరించి పెట్టుకోండి. రేపు ‘ఏం చేశారు?’ అంటే చూపించడానికి ఏదో ఒకటి చేతిలో ఉంటుంది.