లుక్లా విమానం ఎక్కాల్నంటె పైసలే కాదు, రోజులు గూడ కూడబెట్టాలె

ఎవరెస్ట్ బేస్ క్యాంప్ కాడ దిగిన ఫొటో స్టేటస్ పెట్టిన కాడికెల్లి ఊరికెల్లి ఫోన్లే ఫోన్లు. "అన్నా, ఎంత ఖర్చయింది? షూ ఏ కంపెనీవి? చలి మస్తుంటదా?" అందరు అడిగేది గివే. "ఎన్ని రోజులు ఎక్కువ పెట్టుకొని పోవాలె" అని ఒక్కరన్న అడగలే. పోయేముందు నేను గూడ అడగలే. దానికి ఏం కట్టిన్నో చెప్పుదామనే గీ రాత.

బేస్ క్యాంప్ నడక నేపాల్‌ల లుక్లా అనే చిన్న ఊరికెల్లి మొదలయితది. లుక్లాకు పెద్ద బస్సు పోదు. జీపుల సల్లేరి దిక్కు పోయి కొన్ని రోజులు నడిచి చేరొచ్చు. లేదంటె విమానం. 1953ల హిల్లరీ, టెన్జింగ్ ఉన్న బృందం కాట్మండు లోయకెల్లే నడుసుకుంట పోయింది. తర్వాత 1964ల హిల్లరీ దగ్గరుండి లుక్లాల విమానం దిగే జాగ తయారుచేయించిండు. 2001 దాకా అది మట్టిదే. ఇయ్యాల దాని పేరు టెన్జింగ్-హిల్లరీ ఎయిర్‌పోర్ట్.

గా రన్‌వే పొడవు 527 మీటర్లు. మన శంషాబాద్ పెద్ద రన్‌వే 4,260 మీటర్లు. అంటె దాంట్ల ఎనిమిదో వంతు. పైగా అది సమంగ ఉండదు, మన చెరువుకట్ట ఎక్కినట్టు ఉంటది. ఈ కొసకు ఆ కొసకు ఎత్తుల తేడా సుమారు 60 మీటర్లు. కింది కొసన లోయ, పై కొసన గోడ, దాని ఎనక గుట్ట. గా వాలు కావాల్ననే పెట్టిండ్రు. దిగేటప్పుడు విమానం మీదికి ఎక్కుతది కాబట్టి జల్ది ఆగుతది. లేసేటప్పుడు కిందికి ఉరుకుతది కాబట్టి జల్ది వేగం అందుకుంటది. అయితే దిగుడు మొదలువెట్టినంక ఆఖరి ఘడియల "వద్దు, మల్ల ఒక సుట్టు తిరిగొస్త" అంటె కుదరదు. ముంగట గుట్ట ఉంటది.

అందుకే పైలట్‌కు రన్‌వే కండ్లార కనబడాలె. పెద్ద ఎయిర్‌పోర్టులల్ల మబ్బుల గూడ దించే యంత్రాలు ఉంటయి, లుక్లాల లేవు. పొద్దెక్కినకొద్దీ గుట్టలు వేడెక్కుతయి, లోయకెల్లి గాలి లేస్తది, మబ్బు కమ్ముతది. గందుకే విమానాలు ఎక్కువ పొద్దుగాలనే తిరుగుతయి. 2008 అక్టోబర్ 8న ఆడ దిగబోయిన విమానం పొగమంచుల రన్‌వే కాడనే కూలింది. 19 మందిల 18 మంది పోయిండ్రు. "మబ్బుంది, ఇయ్యాల పోదు" అని కౌంటర్ల చెప్తె కోపానికి రావొద్దు. గా మాట చెప్పెటోళ్లు మన పానం కాపాడుతున్నరు.

ఇగ బరువు ముచ్చట. ఇరవై మంది గూడ పట్టని విమానం అది. మనిషికి సంచీలన్ని కలిపి 15 కిలోలే అంటరు. కొందరు కౌంటర్ల కొట్లాడుతరు, "రెండు కిలోలకు ఏమైతది" అని. ఏమైతదో చెప్త. విమానాన్ని లేపేది రెక్కల మీదికెల్లి పారే గాలి. ఎత్తుకు పోయినకొద్దీ గాలి పల్చగయితది. పల్చటి గాలిల రెక్కకు బలం తక్కువ, ఇంజనుకు గూడ బలం తక్కువ. కింద మోసినంత బరువు అదే విమానం పైన మోయలేదు. లుక్లా 2,800 మీటర్లకు పైన ఉంది, రన్‌వే పొట్టిది. గందుకే అక్కడ ప్రతి కిలో లెక్కనే.

బ్యాగు సదురుకునేటప్పుడు గివి యాదికుంచుకోండి. షూ కాళ్లకే ఉండాలె. బరువైన జాకెట్ ఒంటి మీదనే ఉండాలె. మందులు, పైసలు, కాగితాలు, పవర్‌బ్యాంక్ చేతి సంచీల పెట్టుకోవాలె. ఎందుకంటె బరువు ఎక్కువైతె మనం ఒక విమానంల, మన బ్యాగు ఎనకొచ్చే విమానంల పోతది. గా ఎనక విమానం మబ్బుకు ఆగిపోతె బ్యాగు తెల్లారి వస్తది. ఇంకోటి, కొత్త షూ ఏసుకొని పోకండి. నెల ముందుగాలనే కొని, ఊళ్లె పొలం గట్ల మీద తిరిగి కాలికి అలవాటు చేసుకోవాలె.

మనోళ్లకు నేపాల్ పోవుడుకు వీసా అక్కర్లేదు. కానీ విమానంల పోతె పాస్‌పోర్ట్ గానీ ఎలక్షన్ కమిషన్ ఇచ్చిన ఓటర్ కార్డు గానీ ఉండాలె. మన వయసోళ్లకు ఆధార్ నడవదు. ఇంకో తిరకాసు ఏందంటె, మంది ఎక్కువొచ్చే నెలలల్ల లుక్లా విమానాలు చానా మటుకు కాట్మండు కెల్లి లేవయి. కాట్మండుల ఉన్నది ఒక్కటే రన్‌వే, దాని మీద రద్దీ మస్తు. అందుకని రామెఛాప్ జిల్లాల మంథలి కెల్లి లేస్తయి. అర్ధరాత్రి దాటంగనే కాట్మండుల జీపెక్కి నాలుగైదు గంటలు ఘాట్ రోడ్డు మీద పోవాలె. టికెట్ మీద ఏ ఎయిర్‌పోర్ట్ రాసుందో ముందుగాల సూసుకోండి. ఇన్సూరెన్స్ తీసుకుంటె 5,000 మీటర్ల పైన గూడ వర్తిస్తదా, హెలికాప్టర్‌ల దించే ఖర్చు ఇస్తదా అని సదివి తీసుకోండి.

ఇగ నా ముచ్చట. నేను హైదరాబాద్‌ల ఒక మొబైల్ షాపుల పన్జేస్త. చిట్టి ఎత్తుకున్న పైసలతోని దోస్తుతోని కలిసి పోయిన. షాపుల 20 రోజులు సెలవు అడుక్కున్న. సికింద్రాబాద్ కెల్లి రక్సౌల్ రైలు, ఆడికెల్లి బస్సుల కాట్మండు, మొత్తం గీత గీసినట్టు లెక్కేసుకున్న. నడకకు 12 రోజులు. ఒక్క రోజు గూడ ఎక్కువ పెట్టలే. ఒక రోజు ఎక్కువుంటె రూముకు, తిండికి, తెగిన జీతానికి పైసలు కావాలె కదా అనుకున్న.

పోయేటప్పుడే మంథలిల ఒక రోజు ఆగినం. మబ్బు. గా పోయిన రోజును నడకల గుంజుకుందామనుకున్నం. నామ్చే 3,440 మీటర్లు. ఆడ ఒక రోజు ఆగి ఒంటిని అలవాటు చేసుకోవాల్నని అందరు చెప్తరు. మేము ఆగలే. 3,000 మీటర్లు దాటినంక పండుకునే ఎత్తు రోజుకు 500 మీటర్ల కంటె ఎక్కువ పెంచొద్దని, మూడు నాలుగు రోజులకోపారి ఆగాల్నని డాక్టర్లు చెప్పే లెక్క. బేస్ క్యాంప్ 5,364 మీటర్లు. సముద్రం ఒడ్డున దొరికే ఆక్సిజన్‌ల సుమారు సగమే ఆడ అందుతది. పొలం పని చేసిన ఒళ్లు గదా, మాకేమైతది అనుకున్నం. ఒంట్లె సత్తువ వేరు, ఎత్తుకు అలవాటు పడుడు వేరు. కసరత్తు చేసే పైల్వాన్ గూడ పడిపోతడు.

డింగ్‌బోచేల మా దోస్తుకు తలనొప్పి లేసింది. వాడు చెప్పలే. రాత్రి వాంతి చేసుకున్నంక గూడ "అన్నం పడలే" అన్నడు. పొద్దుగాల లేసి నడుస్తుంటె అడుగు తడబడింది. తాగినోని లెక్క తూలిండు. అప్పుడు గని నాకు భయం పుట్టలే. తూలుతున్నడంటె మెదడుకు నీరు పడుతున్నట్టే, పానం పోతదని మా గైడ్ చెప్పి, అప్పటికప్పుడే వాన్ని కిందికి దించిండు. దిగుతుంటె దిగుతుంటెనే వాడు తేరుకున్నడు. నొప్పి ఎందుకు దాసిపెట్టినవ్ రా అని అడిగిన. "ఒక్క రోజు ఆగుదామంటె నీ రైలు పోతదని" అన్నడు. గా మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటది.

వాన్ని లాడ్జిల పండవెట్టి నేను గైడ్‌తోని బేస్ క్యాంప్ చూసొచ్చిన. మీరు సూసిన ఫొటో అదే. అందులో వాడు లేడు. వచ్చేటప్పుడు లుక్లాల మల్ల మబ్బు, మూడు దినాలు. రైలు పోనే పోయింది, జీతం తెగింది, ఇంటికి ఫోన్ జేసి నాయిన కాడ పైసలు అడిగిన. ఏ రోజులైతె మిగిలిచ్చుకుందామనుకున్ననో, అవన్ని వడ్డీతోని కట్టిన.

మన పాకాల బిడ్డ మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కినప్పుడు ఆమెకు 14 ఏండ్లు గూడ నిండలే. తనతోని ఆనంద్ కుమార్ ఎక్కిండు. వాళ్లు లుక్లా దిక్కుకెల్లి కాదు, టిబెట్ దిక్కుకెల్లి ఎక్కిండ్రు. మనం శిఖరం మీది ఫొటో ఒక్కటే సూసినం. దాని ఎనక భువనగిరి గుట్ట మీద, డార్జిలింగ్‌ల, లడఖ్‌ల నెలలు నెలలు శిక్షణ ఉంది. తొందర లేదు.

అందుకే తమ్ముళ్లు, చెల్లెండ్లు, మీరు అడిగే ఖర్చు లెక్క గిట్ల ఏసుకోండి. నడకల అలవాటు పడే రోజులు తీసేయొద్దు. అవిగాక పోయేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు రెండు రోజులు మబ్బు కోసం పెట్టండి. గా మూడు రోజుల తిండి, రూము పైసలు వేరే కవర్ల పెట్టి ముట్టకండి. గంత జమకాకపోతె ఈ ఏడు ఆగండి, వచ్చే ఏడు పోండి. గుట్ట యాడికీ పోదు. దోస్తుతోని పోతె బయలెల్లే ముందే ఒక మాట అనుకోండి: తల నొస్తె దాసొద్దు, ఎవరికి నొచ్చినా ఇద్దరం ఆగుదాం.

మా దోస్తు, నేను మల్ల చిట్టి మొదలువెట్టినం. ఈసారి నెలలు రెండు ఎక్కువ పెట్టుకున్నం. గా రెండు నెలల పైసలు మబ్బు కోసమే.