అభిమానుల ఊహలు, పాఠ్య ప్రమాణం: జాన్ స్నో జన్మరహస్యం, నామాంతరం

వ్యాససంగ్రహం: జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ రచించిన ‘ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్’ నవలామాలికలో జాన్ స్నో పుట్టుక గుట్టును పాఠకులు పాఠ్యంలోని ఆధారాలతోనే ముందుగా ఊహించారు. అతని అసలు పేరు దగ్గర ఆ పద్ధతి నిలవలేదు. ఈ తేడాకు కారణాన్ని మన తాత్పర్యనిర్ణయ సంప్రదాయం వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: జాన్ స్నో, అభిమానుల ఊహలు, అభ్యాసం, ఉపపత్తి, ఉపసంహారం, నామాంతరం.

ఉపోద్ఘాతం

ఈ నవలామాలికలో మొదటి సంపుటం ‘ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్’ 1996లో వెలువడింది. అందులో జాన్ స్నో ఉత్తరదేశాధిపతి ఎడ్డర్డ్ స్టార్క్‌కు వివాహేతర సంతానంగా మనకు పరిచయమవుతాడు. ‘స్నో’ అతని వంశనామం కాదు. ఆ ప్రాంతంలో అటువంటి పుట్టుక గల ఉన్నతకులీనుల బిడ్డలందరికీ తగిలించే పేరు. తల్లి ఎవరో తండ్రి చెప్పడు. ఈ మౌనమే పాఠకుల అన్వేషణకు మూలం. జాన్ నిజానికి ఎడ్డర్డ్ చెల్లెలు లియానాకూ యువరాజు రేగార్ టార్గేరియన్‌కూ పుట్టినవాడన్న ప్రతిపాదన 1990ల చివరికే అంతర్జాలంలో చర్చకు వచ్చింది.

అభిమానులు దీనిని ‘థియరీ’ అన్నారు. తెలుగులో ‘సిద్ధాంతం’ అనడం నాకు సమ్మతం కాదు. మన శాస్త్రాలలో పూర్వపక్షాన్ని ఖండించిన తరువాతనే సిద్ధాంతం నిలుస్తుంది. ఇది ఊహ మాత్రమే. అయితే ఊహలన్నీ ఒక్క స్థాయివి కావు.

పుట్టుక: ఆధారాలున్న ఊహ

తాత్పర్యాన్ని నిర్ణయించడానికి మన పూర్వులు ఆరు లింగాలు చెప్పారు: ఉపక్రమోపసంహారాలు, అభ్యాసం, అపూర్వత, ఫలం, అర్థవాదం, ఉపపత్తి. జాన్ పుట్టుకను గురించిన వాదానికి వీటిలో రెండు బలంగా తోడ్పడతాయి.

మొదటిది అభ్యాసం, అంటే ఒకే అంశాన్ని పలుమార్లు చెప్పడం. మరణశయ్యపై చెల్లెలు తన చేత మాట తీసుకున్న సందర్భం ఎడ్డర్డ్ స్మృతిలో పదే పదే మెదులుతుంది. ఆ మాట ఏమిటో మాత్రం రచయిత చెప్పడు. లియానా ప్రస్తావన వచ్చిన చోట్ల నీలి గులాబీలు కనిపిస్తాయి. 1998 నాటి రెండో సంపుటంలో డెనేరిస్ చూసిన దృశ్యపరంపరలో మంచుగోడ పగులులో పూసిన నీలిపువ్వు ఉంది. జాన్ కాపలా కాసేది మంచుగోడనే.

రెండోది ఉపపత్తి, అంటే యుక్తి. యుద్ధంలో రాజవంశం కూలిపోతుండగా రాజరక్షక దళంలోని ముగ్గురు యోధులు ఎక్కడో కొండల్లోని ఒక బురుజును ఎందుకు కాపాడుతూ నిలిచారు? లోపల రాజవంశాంకురం ఉందనుకుంటే తప్ప వారి ప్రవర్తన పొసగదు. ఇక్కడ పాఠకులు చేసినది ఊసుపోని కాలక్షేపం కాదు, వ్యాఖ్యాతల పని.

భారతంలో కర్ణుని కథ దీనికి దగ్గరగా కనిపించినా కథన విధానంలో భేదం పెద్దది. కర్ణజననం ఆదిపర్వంలోనే శ్రోతకు తెలుసు. యుద్ధం ముగిసేదాకా తెలియనిది ధర్మరాజుకు. శ్రోతకు తెలిసి పాత్రకు తెలియకపోవడం వల్ల కరుణ పుడుతుంది. మార్టిన్ పాత్రకూ పాఠకుడికీ కూడా తెలియనివ్వడు. అందువల్ల ఊహ పుడుతుంది. రాధేయుడు కౌంతేయుడని ఊహించవలసిన అవసరం మన శ్రోతకు ఏనాడూ కలగలేదు.

పేరు: ఆధారం చాలని ఊహ

నవలల ఆధారంగా వచ్చిన టెలివిజన్ ధారావాహిక ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ 2016లో జాన్ తల్లి లియానా అని చూపింది. ఆ దృశ్యంలో ఆమె అన్న చెవిలో చెప్పిన పేరు ప్రేక్షకులకు స్పష్టంగా వినబడదు. జేహేరిస్ వంటి టార్గేరియన్ వంశనామాలను అభిమానులు ప్రతిపాదించారు. 2017 ఆగస్టులో ప్రసారమైన భాగంలో ఆ పేరు ఏగాన్ అని తేలింది.

ఈ పేరు మీద ఆక్షేపణ సహజం. రేగార్‌కు మొదటి భార్య ఎలియా వల్ల కలిగిన కొడుకు పేరూ ఏగానే. పైగా అయిదో సంపుటంలో తానే ఆ ఏగాన్‌నని చెప్పుకునే యువకుడు ఒకడున్నాడు. ధారావాహిక ఆ పాత్రను పూర్తిగా వదిలేసింది. నవలా పాఠకుడు ‘ఏగాన్’ అన్న పేరు వినగానే తలచుకోవలసినవాళ్లు అప్పటికే ఇద్దరు. వారిని పక్కనపెట్టి మూడో మనిషికి ఆ పేరు కట్టబెట్టడానికి నవలలో ఏ లింగమూ ఆధారంగా కనిపించదు. పుట్టుక జరిగిపోయిన సంఘటన, దానికి ఆనవాళ్లు మిగులుతాయి. పేరు ఒకరి నిర్ణయం. పెట్టినవారి మనసు తెలిస్తే తప్ప దానిని తర్కంతో రాబట్టలేం. ‘జాన్’ అన్న పేరు సంగతి వేరు: అది ఎడ్డర్డ్‌ను పెంచిన జాన్ ఆరిన్‌ను తలపిస్తుంది కాబట్టి పెట్టినవాడి మనసు అందులో కొంత తెలుస్తుంది.

‘బాహుబలి’ మొదటి భాగం 2015లో వచ్చినప్పుడు శివుడి అసలు పేరు మహేంద్ర బాహుబలి అని చిత్రంలోనే తేలిపోయింది. అందుకే రెండేళ్లపాటు మన ప్రేక్షకుల ఊహలన్నీ పేరు చుట్టూ కాక కట్టప్ప చేసిన హత్యకు కారణం చుట్టూ తిరిగాయి.

దాగిన గతి: ఉపసంహారం లేని పాఠ్యం

2011లో వచ్చిన అయిదో సంపుటం చివర జాన్ తన వారి చేతనే కత్తిపోట్లకు గురవుతాడు. చివరగా పలికిన మాట తన తోడేలు పేరు. ఆ సంపుటం ప్రస్తావనాధ్యాయంలోనే, మృగాల దేహాల్లోకి ప్రవేశించగల ఒకడు మరణించి తోడేలులో రెండో బతుకు పొందుతాడు. మెలిసాండ్రేకు మంటల్లో జాన్ మనిషిగా, తోడేలుగా, మళ్లీ మనిషిగా కనిపిస్తాడు. ఈ మూడింటినీ కలిపి, జాన్ ప్రాణం కొంతకాలం తోడేలులో నిలిచి తిరిగి దేహాన్ని చేరుతుందని పాఠకులు ఊహించారు. అభ్యాసమూ ఉపపత్తీ రెండూ ఇక్కడ ఉన్నాయి. నా దృష్టిలో ఇది పుట్టుక ఊహతో సమానమైన బలం గలది. ధారావాహికలో జాన్ 2016లో మెలిసాండ్రే క్రియతో బతికి వచ్చాడు. తోడేలు మార్గం ప్రస్తావనకే రాలేదు.

అంతమాత్రాన ఆ ఊహ తప్పిందనడం తొందరపాటు. ఆరో సంపుటం ఇంకా వెలువడలేదు. ఉపసంహారం లేనిచోట ఉపక్రమోపసంహారాల ఏకవాక్యతను పరీక్షించడం కుదరదు. ధారావాహిక ముగింపు మరొక కృతికి ఉపసంహారం. దానిని నవలకు ప్రమాణంగా తెచ్చేవారు ఒక కావ్యానికి వేరొక కావ్యం చివరి ఆశ్వాసాన్ని అతికిస్తున్నారు. అనుసరణలపై సిద్ధాంతగ్రంథాలు రాస్తున్న మన పరిశోధకులలోనూ ఈ పొరపాటు తరచు కనిపిస్తుంది: చలనచిత్రంలోని మార్పును మూలనవలా తాత్పర్యానికి సాక్ష్యంగా చూపుతారు. జాన్ స్నో పుట్టుక కూడా ఇంతవరకు రుజువైనది తెరమీదనే. నవలలో అది ఈనాటికీ బలమైన ఊహే.