మీకు తెలుసా? తూటా కూర్చేటప్పుడు ఆఖరి కాపలా కన్నే!

అమెరికాలో వేటకూ గురి పోటీలకూ వెళ్లేవాళ్లలో చాలామంది, పేల్చిన తూటాల ఇత్తడి గొట్టాలను ఏరి ఇంటికి తెచ్చుకుంటారు. వాటిని శుభ్రం చేసి, కొలతకు తెచ్చి, మందును అంటించే కొత్త ప్రైమర్ అమర్చి, మందు పోసి, మూతి దగ్గర బుల్లెట్ బిగించి మళ్లీ వాడతారు. దీని పేరే హ్యాండ్‌లోడింగ్.

● ఈ మందును గ్రెయిన్లలో తూస్తారు. గ్రెయిన్ అంటే గింజ. మన కంసాలులకు గురివింద గింజ ఎలాగో, ఇంగ్లండులో ఒకప్పుడు తూకానికి బార్లీ గింజ అలాగ. పౌనుకు 7,000 గ్రెయిన్లు. ఒక్కోటి దాదాపు 65 మిల్లీగ్రాములు. డిజిటల్ కాటా పొరపాటున గ్రాముల్లో ఉండిపోతే తేడా 15 రెట్లు! అందుకే పనికి కూర్చునే ముందు, బరువు తెలిసిన రాయితో కాటాను సరిచూసుకుంటారు.

● 1898 నాటి .38 స్పెషల్ తూటాలో తొలినాళ్లలో నల్ల తుపాకీమందు నింపేవారు. ఇప్పటి పొగరాని మందు కొద్దిగా పోస్తే చాలు, అది గొట్టం అడుగునే ఉండిపోతుంది. మరిచిపోయి రెండోసారి పోసినా బయటికి పొంగదు. ఈ తూటాకు అమెరికా పరిశ్రమ ప్రమాణం చదరపు అంగుళానికి 17,000 పౌన్ల ఒత్తిడి. కారు టైరులో ఉండేది 32 పౌన్లో, కాస్త అటూ ఇటో. పరిమితిలోనే ఇంత ఒత్తిడి ఉంటే, మందు రెట్టింపైతే తుపాకీ చేతిలోనే పేలిపోవచ్చు.

● అందుకే అనుభవజ్ఞులు మందు పోసిన గొట్టాలను గుంతల దిమ్మెలో వరుసగా నిలబెట్టి, టార్చి వేసి ఒక్కోదానిలోకి తొంగి చూస్తారు. యాభై గొట్టాల్లో మందు ఒకే మట్టాన కనిపించాలి. ఒక్కటి ఎత్తుగా ఉన్నా, ఒక్కటి ఖాళీగా ఉన్నా ఆ వెలుగులో ఇట్టే దొరికిపోతుంది. ఆ తరువాతే బుల్లెట్ బిగిస్తారు.

● మందు పడని తూటా కూడా ప్రమాదమే. ప్రైమర్ ఒక్కటే పేలి, బుల్లెట్ తుపాకీ గొట్టం మధ్యలో ఇరుక్కుంటుంది. ఎప్పటి మోతకు బదులు "టప్" మని వినిపిస్తే అక్కడే ఆగాలి. వెనకాలే ఇంకోటి పేలిస్తే తుపాకీ గొట్టం చీలిపోవచ్చు.

● హ్యాండ్‌లోడింగ్ పుస్తకంలో ఇచ్చిన గరిష్ఠ మోతాదుతో ఎవరూ మొదలుపెట్టకూడదు. ప్రారంభ మోతాదు ఇచ్చి ఉంటే అక్కడి నుంచి, లేకపోతే గరిష్ఠానికి పది శాతం తగ్గించి, మెల్లగా పెంచుకుంటూ పోవాలి. ప్రైమర్ చదునెక్కినా, పేల్చిన గొట్టం బయటికి రాక మొరాయించినా వెనక్కి తగ్గాలి. ఒత్తిడి మితిమీరిన అలాంటి గుర్తులు కనబడలేదు కదా అని పుస్తకంలోని హద్దు దాటడం మాత్రం తెలివితక్కువ పని.

● బల్ల మీద ఒకసారి ఒకే మందు డబ్బా ఉండాలి. చూపుకు కవల పిల్లల్లా ఉండే మందులు మండే వేగంలో ఎంతో తేడాగా ఉంటాయి. పేరు చీటీ ఊడిపోయిన డబ్బాను ఊహతో వాడకూడదు.

● ప్రైమర్ మసిలో సీసం ఉంటుంది. ఆ బల్ల దగ్గర తినకూడదు. పని కాగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

● మన దేశంలో లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం.

మధ్యలో ఫోన్ మోగిందా? దీంట్లో మందు పోశానా లేదా అని సందేహమా? ఆ గొట్టంలోని మందును డబ్బాలోకి వంపేసి మళ్లీ తూచడమే మంచిది. పోయేది ఒక్క నిమిషం. ఆ నిమిషానికి వెనకాడనివాడే ఈ పనికి తగినవాడు.