శిల్పానికో రికార్డు.. మీకో కొలువు

చరిత్ర, తెలుగు, కంప్యూటర్స్.. మీ డిగ్రీ ఈ మూడింటిలో ఏదైనా కావొచ్చు. మ్యూజియాలు తమ దగ్గరున్న వస్తువులను ఆన్‌లైన్‌లోకి తెస్తున్న ఈ రోజుల్లో ముగ్గురికీ పని ఉంది. ఆ పని ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి దిల్లీ వెళ్లనక్కర్లేదు. చిలకలూరిపేటలో కూర్చుని, చేతిలోని ఫోన్‌తోనే మొదలుపెట్టొచ్చు.

ముందుగా ఒక పని చేయండి. బ్రిటిష్ మ్యూజియం వెబ్‌సైట్లో కలెక్షన్ పేజీ తెరిచి, వెతికేచోట 1880,0709.79 అని కొట్టండి. ఒక రాతి పలక కనిపిస్తుంది. దాని మీద సింహాలు, ఎత్తయిన స్తంభాలు, మధ్యలో స్తూపం. అదే పలకకు రెండో వైపు ఫొటో కూడా ఉంటుంది. అక్కడ చెట్టు కింద ఖాళీ ఆసనం, దాని చుట్టూ మొక్కుతున్న జనం. బుద్ధుణ్ని మనిషి రూపంలో చూపించని కాలంలో, క్రీ.పూ. 1వ శతాబ్దంలో చెక్కింది ఈ రెండోవైపు. ఇంచుమించు మూడు వందల ఏళ్ల తర్వాత ఇంకెవరో శిల్పి అదే రాయిని తిప్పి, వెనక భాగంలో స్తూపం చెక్కాడు. వాడిన రాయిని మళ్లీ వాడుకోవడం ఇప్పటి ఆలోచనేం కాదన్నమాట!

ఇది అమరావతి స్తూపం నుంచి వెళ్లింది. పేట నుంచి గుంటూరుకు ఒక బస్సు, అక్కణ్నుంచి అమరావతికి ఇంకో బస్సు. అంత దగ్గరి ఊరి శిల్పాలు ఇప్పుడు వేర్వేరు చోట్ల చెదిరి ఉన్నాయి. 18వ శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతిలో కొత్త ఊరు కట్టిస్తున్నప్పుడు ఆ దిబ్బలోని ఇటుకలు, పలకలు బయటపడ్డాయి. కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1816లో మళ్లీ వచ్చి, తన బృందంతో శిల్పాలకు బొమ్మలు గీయించాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసుకు, వాటిలో చాలా భాగం 1859లో లండన్‌కు వెళ్లాయి. 1880లో బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. మిగిలినవి కొన్ని చెన్నై ఎగ్మోర్‌లో, కొన్ని అమరావతి మ్యూజియంలో ఉన్నాయి. మెకంజీ బొమ్మలు గీయించిన పలకల్లో కొన్ని ఆ తర్వాత ఎవరికీ కనిపించలేదు. వాటికి ఆ బొమ్మలే సాక్ష్యం.

ఇప్పుడా నంబర్ సంగతి చూద్దాం. 1880 అంటే సంవత్సరం, 0709 అంటే జులై 9, 79 అంటే ఆ రోజు రిజిస్టర్‌లో ఎక్కిన వాటిలో డెబ్బై తొమ్మిదోది. గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లినవాళ్లకు ఇది కొత్త కాదు. లాట్ నంబర్ లేని టిక్కీ ఎవరిదని ఎవరు చెప్పగలరు? మ్యూజియంలో రాతి పలక పరిస్థితీ అంతే. నంబర్, కొలతలు, ఎక్కడ దొరికిందన్న వివరం, ఫొటో లేకపోతే అది ఊరూ పేరూ లేని రాయి.

చందవరం చెప్పిన పాఠం

వివరాలు రాసిపెట్టుకోకపోతే ఏమవుతుందో తెలియాలంటే పక్కనున్న ప్రకాశం జిల్లా కథ వినాలి. దొనకొండ దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున చందవరం ఉంది. 1970ల్లో అక్కడి బౌద్ధ స్తూపాన్ని తవ్వారు. దొరికిన శిల్పాలను అక్కడే ఉంచారు. తర్వాత కొన్ని దొంగతనానికి గురయ్యాయి. వాటిలో ఒకటి, బుద్ధుణ్ని పూజిస్తున్న భక్తుల సున్నపురాయి పలక, 2005లో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీలో తేలింది. న్యూయార్క్ వ్యాపారి దగ్గర దాన్ని ఆ గ్యాలరీ కొన్న ధర దాదాపు 6 లక్షల డాలర్లు. ఆ పలక అంతకుముందు చందవరంలోనే ఉండేదని చూపించే ఫొటో బయటికొచ్చాక, 2016లో దాన్ని భారత్‌కు తిరిగిచ్చేశారు.

వాదనలతోనో, ఉద్యమంతోనో తేలిన విషయం కాదిది. ఎప్పుడో ఎవరో ఓపిగ్గా తీసి దాచిన ఫొటోతో తేలింది. సరిగ్గా ఇలాంటి అవసరానికే 1997లో ‘ఆబ్జెక్ట్ ఐడీ’ అనే అంతర్జాతీయ పద్ధతి వచ్చింది. వస్తువు ఏమిటి, దేనితో చేశారు, కొలతలెంత, మీద రాతలేమైనా ఉన్నాయా, మరో దానితో పొరపడకుండా గుర్తుపట్టే పగులో, మచ్చో ఉందా.. ఇలాంటి కొద్ది ప్రశ్నలకు జవాబులు, మంచి ఫొటోలు. దొంగసొత్తు దొరికినప్పుడు పోలీసులు, కస్టమ్స్ వాళ్లు పోల్చుకోవడానికి ఇవి చాలు.

మ్యూజియాల్లో డిజిటల్ అనగానే కళ్లకు వీఆర్ పెట్టె, గోడ మీద కదిలే బొమ్మలు గుర్తొస్తాయి. తప్పేం లేదు, పిల్లలకు సరదాగానే ఉంటాయి. విజయవాడ బాపు మ్యూజియాన్ని 2020 అక్టోబరులో మళ్లీ తెరిచినప్పుడు క్యూఆర్ కోడ్‌లు, తెర మీద కదిలే బొమ్మలు బాగా ఆకర్షించాయి. కానీ ఆ కోడ్ స్కాన్ చేస్తే వచ్చే నాలుగు వాక్యాలను ఎవరో ఒకరు రాయాలి కదా! మా దృష్టిలో అసలు పని అక్కడుంది.

పని ఎలా ఉంటుంది?

పుణెలోని సీడాక్ ‘జతన్’ అనే సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసింది. కేంద్ర ప్రభుత్వ మ్యూజియాల వస్తువుల వివరాలను దీంతోనే ఎక్కించి, ‘మ్యూజియమ్స్ ఆఫ్ ఇండియా’ పోర్టల్‌లో పెట్టారు. హైదరాబాద్ సాలార్‌జంగ్, నాగార్జునకొండ మ్యూజియాలు రెండూ అందులో ఉన్నాయి. నాగార్జునకొండ మ్యూజియం సాగర్ జలాశయం మధ్య దీవిలో ఉంది. లాంచీ తిరిగితేనే చూడగలం. తిరగని రోజున పోర్టలే గతి.

ఇలాంటి ప్రాజెక్టులో ఒకరు ఫొటోలు తీస్తారు. రంగులు తేడా రాకుండా పక్కన కలర్ చార్టు, పరిమాణం తెలిసేలా స్కేలు పెట్టి తీయాలి. 3డీ నమూనా కావాలంటే వస్తువు చుట్టూ తిరుగుతూ వందకు పైగా ఫొటోలు కావాలి. ఒక ఫొటోలో కనిపించినదాంట్లో 60, 70 శాతం పక్క ఫొటోలోనూ కనిపించాలి. మెష్‌రూమ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ వాటిని కలిపి నమూనా చేస్తుంది. ఇంకొకరు పాత రిజిస్టర్ చదివి వివరాలు ఎక్కిస్తారు. ఒకచోట ‘అమరావతి’, మరోచోట ‘అమ్రావతి’ అని ఉంటే వెతికినవాడికి సగమే దొరుకుతాయి. కాబట్టి పేర్లు ఒకేలా ఉండాలి. ఇలా ఎక్కించే వివరాలనే మెటాడేటా అంటారు. ఎక్సెల్ బాగా వచ్చిన కామర్స్ విద్యార్థి ఇక్కడ బాగా రాణిస్తాడు. డేటాబేస్, సర్వర్లు, బ్యాకప్‌లు చూసేవాళ్లు వేరే. 2023 అక్టోబరులో సైబర్ దాడి జరిగి బ్రిటిష్ లైబ్రరీ ఆన్‌లైన్ సేకరణలు నెలల తరబడి అందకుండా పోయాయి. ఒకసారి స్కాన్ చేస్తే చాలు, శాశ్వతం అనుకోవడానికి లేదు. సైబర్ సెక్యూరిటీ చదివేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఇక తెలుగు. అమరావతి శిల్పాల రాయిని చరిత్రకారులు పల్నాటి సున్నపురాయి అంటారు. అంటే మీ జిల్లా పేరే. కానీ లండన్ పేజీలో వివరణంతా ఇంగ్లిషులోనే. పదో తరగతి పిల్లవాడికి అర్థమయ్యే తెలుగులో ఒక శిల్పం గురించి ఎనభై మాటలు రాయగలరా? రాసి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది. తాళపత్రాలు చదవగలిగితే మరీ మంచిది. కోటికి పైగా రాతప్రతులను సర్వే చేసి భద్రపరచే ‘జ్ఞాన భారతం’ మిషన్‌ను కేంద్రం 2025 బడ్జెట్‌లో ప్రకటించింది. పాత తెలుగు లిపి తెలిసినవాళ్లు లేకుండా మన ప్రతుల పని జరగదు.

కలంకారీ, చేనేత డిజైన్ల మీద ఆసక్తి ఉన్నవాళ్లకు ఇదే తలుపు ఇంకోవైపు తెరుచుకుంటుంది. లండన్ వీ అండ్ ఏ మ్యూజియం 12 లక్షలకు పైగా రికార్డులను ఆన్‌లైన్‌లో పెట్టింది. మన కోరమాండల్ తీరం నుంచి వెళ్లిన పాత అద్దకం బట్టలను తెర మీద పెద్దవి చేసుకుని, అంచులో పువ్వు రేకను కూడా చూడొచ్చు.

చదువులు, ఉద్యోగాలు

ఉన్నదున్నట్టు చెప్పాలంటే, పర్మినెంట్ పోస్టులు తక్కువ. క్యూరేటర్ లాంటి ఉద్యోగాలకు నోటిఫికేషన్లు ఎప్పుడో ఒకసారి వస్తాయి. డిజిటైజేషన్ పనులు ఎక్కువగా కాంట్రాక్టు మీద, ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే నడుస్తాయి. ఇంట్లోవాళ్లు ‘అదేం ఉద్యోగం’ అనొచ్చు. కాబట్టి దీన్నే నమ్ముకోకుండా, మీ డిగ్రీకి అదనపు నైపుణ్యంగా జోడించుకోవడం మేలు. ఇక్కడ నేర్చిన డేటా క్రమశిక్షణ, ఫొటోగ్రఫీ, అనువాదం బయట ఏ ఆఫీసులోనైనా పనికొస్తాయి.

సీరియస్‌గా ఇదే దారి అనుకుంటే మ్యూజియాలజీలో పీజీ చేయాలి. బరోడా ఎంఎస్ యూనివర్సిటీలో 1952 నుంచి ఈ విభాగం ఉంది. పాత నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్ ఇప్పుడు నోయిడాలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌గా నడుస్తోంది. మ్యూజియాలజీతోపాటు కన్జర్వేషన్, కళాచరిత్ర కోర్సులున్నాయి. అర్హత మార్కులు, ప్రవేశ విధానం ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోండి. కెమిస్ట్రీ వాళ్లకు లఖ్‌నవూలోని కన్జర్వేషన్ పరిశోధనశాల, ఎన్‌ఆర్‌ఎల్‌సీ, మంచి చోటు. తవ్వకాలంటే ఇష్టమైతే గ్రేటర్ నోయిడాలో పురావస్తు శాఖ నడిపే దీన్‌దయాళ్ ఇన్‌స్టిట్యూట్‌లో రెండేళ్ల పీజీ డిప్లొమా ఉంది.

ఎక్కడ అప్లై చేసినా ‘ఇప్పటిదాకా ఏం చేశావు’ అని అడుగుతారు. అందుకే ఇప్పుడే పది రికార్డులు తయారుచేసుకోండి. అమరావతి మ్యూజియంలో పది శిల్పాలు ఎంచుకుని, సిబ్బందిని అడిగి, ఫ్లాష్ లేకుండా ఫొటో తీయండి. ముట్టుకోవద్దు. ఎత్తు, వెడల్పు లేబుల్ మీద ఉంటే రాసుకోండి, లేకపోతే ఆ గడి ఖాళీగానే వదిలేయండి, ఊహించి నింపొద్దు. ఒక్కోదానికి తెలుగులో ఎనభై మాటలు, ఇంగ్లిషులో ఎనభై మాటలు. అన్నీ ఒకే ఎక్సెల్ షీట్‌లో పెట్టి, రెజ్యూమెకు లింకు జతచేయండి. మ్యూజియానికి శుక్రవారం సెలవు. శనివారం పొద్దున్నే గుంటూరు బస్సెక్కితే సాయంత్రానికి పేటకు తిరిగొచ్చేయొచ్చు.