అరవై ఒక్క రోజుల లెక్క

వేట ఆగితే రాబడి ఆగుతుంది. పొయ్యి ఆగదు. నెల్లూరు తీరంలో పొదుపు పాఠం అక్కడే మొదలవుతుంది.

ఏప్రిల్ 15 రాగానే మైపాడు, ఇసకపల్లి, జువ్వలదిన్నెల్లో ఇంజిన్ పడవలన్నీ ఒడ్డెక్కుతాయి. చేపలు గుడ్లు పెట్టే కాలమని జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరమంతా వేట నిషేధం. మగవాళ్లు నీడన కూర్చుని వలలు బాగుచేసుకుంటారు. పాలకు, బియ్యానికి, కరెంటు బిల్లుకు మాత్రం నిషేధం వర్తించదు. దాని వెనకే బడులు తెరిచే జూన్. ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో కుటుంబానికి 20,000 రూపాయలకు పెరిగింది. అయితే అది చేతికందేలోపే అప్పు చేసిన ఇంట్లో అందులో కొంత వడ్డీకే పోతుంది.

జీతగాళ్ల ఇళ్లలో పొదుపంటే ఖర్చు కోసుకోవడం. రేవు పల్లెలో ఉన్న రోజును లేని రోజుకు ముడివేయడం. ఏడాదిలో 200 రోజులు వేట సాగిందనుకుందాం. వేటకెళ్లిన ప్రతిరోజూ 60 రూపాయలు పక్కన పెడితే 12,000. నిషేధం నాళ్లకు పంచుకుంటే రోజుకు 200కు కాస్త తక్కువ. పప్పూబియ్యానికి చాలు.

రోజుకో రూపాయి

ఈ లెక్క నెల్లూరు ఆడవాళ్లకు కొత్త కాదు. 1992లో కలిగిరి మండలం దూబగుంటలో, రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు సారా అమ్మకాన్ని ఆపించారు. వాళ్లలో ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ పేరు ఊరు దాటింది. ఆ పోరు జిల్లానూ దాటింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే దుడ్లు ఇంట్లో నిలిచాయి. మరి వాటిని ఎక్కడ దాచాలి? ఆ ప్రశ్నకు జవాబుగా పుట్టింది ‘పొదుపులక్ష్మి’. మనిషికి రోజుకో రూపాయి. 15 మంది ఉన్న సంఘంలో నెలకు 450, ఏడాదికి 5,400. ఆ మొత్తం పెద్దదేమీ కాదు. కానీ జ్వరమొచ్చిన రాత్రి వడ్డీ వ్యాపారి గడప తొక్కకుండా ఆపింది.

అసలు చిల్లు వడ్డీ

నూటికి ఐదు రూపాయల వడ్డీకి 10,000 తెస్తే నెలకు 500, ఏడాదికి 6,000. అసలు అసలుగానే ఉంటుంది. సంఘంలో రూపాయి వడ్డీకి తీసుకుంటే ఏడాదికి 1,200. తేడా 4,800. కూరల గంప దగ్గర ఏడాదంతా బేరమాడినా అంత మిగలదు. 2004లో ‘పావలా వడ్డీ’ అన్నమాట పల్లెపల్లెకూ పాకింది అందుకే.

రేవులో ఇంకో వడ్డీ ఉంది, అది కంటికి కనపడదు. అప్పిచ్చిన సావుకారుకే చేప వేయాలి, అతను చెప్పిందే ధర. కిలోకు పది రూపాయలు తగ్గితే 50 కిలోలకు 500 పోయినట్టే. ఆ అప్పు తీరిస్తే పాటలో ఎవరు ఎక్కువ పాడితే వాళ్లకు అమ్ముకోవచ్చు.

చీటీలు వేసేవాళ్లు ఒక్కటి అడగాలి: 1982 చిట్‌ఫండ్ చట్టం కింద అది రిజిస్టరైందా? నమ్మకం మీద నడిచే చీటీ మునిగితే రసీదు కూడా మిగలదు.

వంటింట్లో, కప్పు కింద

నెత్తళ్లు దండిగా పడ్డరోజు ధర నేల చూస్తుంది. ఆ రోజే కొని ఉప్పు పట్టించి, ఇసక అంటకుండా వల మీద ఎండబెట్టుకుంటే నిషేధంలో అవే కూర. శివరాత్రి దాటాక కొత్త చింతపండు, కొత్త మిరపకాయలు. ఎండలు ముదిరేసరికి పెన్నా డెల్టాలో కొత్త ధాన్యం. పూటకింత చిల్లర కొట్టులో తెచ్చుకునే సరుకు అప్పుడు ఏడాదికి సరిపడా కొంటే చౌక. చేపల పులుసు మర్నాటికే రుచి అంటారు నెల్లూరోళ్లు. ఒకసారి పొయ్యి వెలిగిస్తే రెండు రోజుల కూర. గ్యాసు పొదుపని ఎవరూ అనరు గానీ, అదీ పొదుపే.

రోహిణికార్తెలో ఫ్యాను ఆపమని ఎవరికీ చెప్పలేం. పాత ఫ్యాను దాదాపు 75 వాట్లు లాగితే, కొత్త బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 చాలు. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. అవి బిల్లులో పై శ్లాబులో పడే ఖరీదైన యూనిట్లు.

ఇంతా చేసి పొదుపు నిలిచిందో లేదో ఎలా తెలుస్తుంది? పాసు పుస్తకం చూడక్కర్లేదు. జూన్ 15న పడవలు మళ్లీ నీళ్లలో దిగుతాయి. తొలి వేట దుడ్లు ఇల్లాలి కొంగున ముడిపడితే ఆ ఏడు గెలిచినట్టు. రేవులోనే సావుకారు చెయ్యి చాచితే, మళ్లీ రోజుకు 60 నుంచి మొదలు.