మీకు తెలుసా? బంతులందించిన కుర్రాడు కౌన్సిల్‌లో కూర్చున్నాడు!

కాస్త దగ్గరికి జరగండి. ఆఫ్రికా బొమ్మల మాంత్రికుడొకాయన సంగతి చెప్తాను. పేరు మలంగటాన. దేశం మొజాంబిక్. మన హిందూ మహాసముద్రానికి అటు ఒడ్డు! మనకున్నట్టే వాళ్లకూ తీరం పొడుగునా కొబ్బరి తోటలు! 1936 జూన్ 6న మటలాన అనే పల్లెలో పుట్టాడు. పశువులు కాసుకునే పిల్లాడు. ఆ పిల్లాడి బొమ్మలు ఇవాళ లండన్ టేట్ మ్యూజియంలో ఉన్నాయి!

వాళ్ల నాన్న ఇంట్లో ఉండేది తక్కువ. దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో పని. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి వైపు గల్ఫ్ వెళ్లినవాళ్ల ఇళ్లలో ఈ సంగతి ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు! పెంపకమంతా అమ్మదే. తర్వాత పిల్లాడూ అదే దారి పట్టాడు. పని వెతుక్కుంటూ రాజధానికి చేరాడు. అప్పటికి వయసెంతో తెలుసా? 12 ఏళ్లు!

అమ్మ పని వింటే నోరెళ్లబెడతారు! ఊళ్లోవాళ్ల పళ్లను మొనదేల్చేది. అక్కడ అదొక అందం! ఎండు సొరకాయ బుర్రలకు పూసలతో అలంకారం చేసేది. ఇప్పుడు మలంగటాన బొమ్మ ఏదైనా ఒక్కటి వెతికి చూడండి. తెల్లటి పళ్లు మిలమిలా కనిపిస్తాయి! పెద్దపెద్ద కళ్లు మనల్నే చూస్తుంటాయి! మనుషుల మీద మనుషులు, ఎక్కడా వేలు పెట్టేంత ఖాళీ ఉండదు!

1953లో ఓ టెన్నిస్ క్లబ్బులో పని దొరికింది. బంతులు ఏరి అందించడం! పగలు బంతులు, రాత్రి బడి. పల్లెలో చదివింది మూడో తరగతి వరకేగా మరి!

ఇక్కడ అసలు మలుపు. చెవి ఇలా ఇవ్వండి! ఆ క్లబ్బుకు అగుస్తో కబ్రాల్ అనే ఆయన ఆడటానికి వచ్చేవాడు. జీవశాస్త్రం చదివినవాడు, బొమ్మలూ వేసేవాడు. ఒకరోజు మన కుర్రాడు ఆయన్ని అడిగాడు. పాత చెప్పులేమైనా ఉంటే ఇస్తారా అని! ఇంటికి రమ్మన్నాడాయన. వెళ్తే ఏముంది? ఆయన బొమ్మ వేస్తున్నాడు! కుర్రాడు అక్కడే నిలబడిపోయాడు. నాకూ నేర్పండి అన్నాడు. చెప్పుల కోసం వెళ్లినవాడు రంగులతో, కుంచెలతో, గీసుకోడానికి ఓ ప్లైవుడ్ చెక్కతో తిరిగొచ్చాడు! ఏం గీయాలి అంటే, నీ బుర్రలో ఉన్నదే గీయమన్నాడట కబ్రాల్. ఆ ఒక్క జత పాత చెప్పులే లేకపోతే ఈ కథే లేదు!

తర్వాత ఇంకో మంచి మనిషి తగిలాడు. పాంచో గెదెస్, పేరున్న ఆర్కిటెక్ట్. బొమ్మలు వేసుకోమని తన గ్యారేజీనే ఇచ్చేశాడు! నెలకు 2 బొమ్మలు కొనేవాడు. అదీ మామూలు ధరకు కాదు, కావాలనే ఎక్కువ పెట్టి! కుర్రాడి చేయి ఆగకూడదని! సాయమంటే ఇలా ఉండాలండీ. తీసుకున్నవాడికి అది కూలి డబ్బులానే అనిపిస్తుంది, దానంలా అనిపించదు.

1961. మలంగటాన బొమ్మలతో మొదటి ప్రదర్శన! ఒక్కడిదే! అప్పటికి ఆయన వయసు పాతికేళ్లే! బంతులు అందించిన ఊళ్లోనే జనం వచ్చి బొమ్మల ముందు నిలబడ్డారు!

బొమ్మలేనా? కవిత్వం కూడా! 1963లో ఇంగ్లీషులో వచ్చిన ఆధునిక ఆఫ్రికా కవితల సంకలనంలో ఆయన కవితలున్నాయి! కుంచె పట్టిన చేతే కలమూ పట్టింది.

మరి అప్పట్లో దేశాన్ని ఏలుతున్న పోర్చుగీసు పాలకులు ఊరుకుంటారా? ఊరుకోలేదు! ఆయన స్వాతంత్ర్యం కోసం పోరాడే ఫ్రెలిమోలో చేరాడు. 1964లో రహస్య పోలీసులు పట్టుకెళ్లారు. 18 నెలలు జైలు! అక్కడ ఏం చేశాడో ఊహించండి. బొమ్మలు గీశాడు! ఊచల వెనక కూడా చేయి ఆగలేదు.

ఇది మరీ విడ్డూరం! జైల్లో పెట్టిన దేశానికే చదువుకోడానికి వెళ్లాడు! 1971లో గుల్బెంకియన్ ఫౌండేషన్ స్కాలర్‌షిప్ వచ్చింది. లిస్బన్ వెళ్లాడు. పలకల మీద చెక్కి అచ్చు వేసే విద్య, మట్టి పాత్రలు చేసే కళ, రెండూ నేర్చుకున్నాడు. ఇల్లు విడిచి వలస వెళ్లడం ఆయనకు ఇది రెండోసారి. ఈసారి సముద్రాలు దాటి!

1975 జూన్ 25న మొజాంబిక్‌కు స్వాతంత్ర్యం! అప్పటికే తిరిగొచ్చేశాడు. తర్వాత రాజధాని మపూటోలో నేచురల్ హిస్టరీ మ్యూజియం తోటలో ఓ పెద్ద గోడ నిండా బొమ్మ వేశాడు. మనిషి, ప్రకృతి కలగలిసిన బొమ్మ! ఆ మ్యూజియానికి డైరెక్టరుగా పనిచేసిందెవరో తెలుసా? అగుస్తో కబ్రాల్! అవునండీ, ఆయనే! చెప్పులు అడిగితే రంగులిచ్చిన ఆయనే!

దేశంలో అంతర్యుద్ధం మొదలైంది. 1992 దాకా సాగింది. మలంగటాన ఏం చేశాడు? శాంతి ఉద్యమం కట్టినవాళ్లలో ఒకడయ్యాడు! పిల్లల కోసం యునిసెఫ్‌తో కలిసి పనిచేశాడు. నేషనల్ ఆర్ట్ మ్యూజియం నిలబెట్టినవాళ్లలోనూ ఆయన ఉన్నాడు. పుట్టిన మటలానలో సాంస్కృతిక కేంద్రం కోసం ఏళ్ల తరబడి తిరిగాడు. పేరొచ్చాక పల్లెను మర్చిపోయేవాళ్లు ఎంతమంది లేరు! ఈయన పేరునే పల్లె పనికి పెట్టాడు.

1997లో యునెస్కో ఆయనకు శాంతి కళాకారుడు అనే గౌరవం ఇచ్చింది. ప్రపంచమంతా మోగిన పేరు! ఇంతటివాడు ఇక ఏ పెద్ద కుర్చీ కోసం చూస్తాడు అనుకుంటారు కదా?

అన్నిటికన్నా నాకు నచ్చిన సంగతి ఇదే, వినండి! మనకు తెలిసిన దారి ఏమిటి? ముందు వార్డు, తర్వాత మున్సిపాలిటీ, ఆ పైన అసెంబ్లీ, పార్లమెంటు. ఈయన తిరగేశాడు! 1990 నుంచి 1994 వరకు దేశ పార్లమెంటులో సభ్యుడు. ఆ తర్వాత 1998లో ఎన్నికల్లో నిలబడి మపూటో నగర కౌన్సిల్‌లోకి వచ్చాడు! మన అమలాపురం మున్సిపల్ కౌన్సిల్ లాంటి చోట, ఊరి సమస్యలు మాట్లాడుకునే బల్ల ముందు, ప్రపంచ ప్రసిద్ధ చిత్రకారుడు కూర్చున్నాడన్నమాట! అప్పటికి ఆయనకు 60 దాటాయి! పని కోసం పన్నెండేళ్లకు వలస వచ్చిన నగరమే అది. దాని బాగోగులు చూసే బాధ్యత ఓట్లతో తెచ్చుకున్నాడు. అది కిందికి దిగడమని ఎవరైనా అంటే నేనొప్పుకోను!

మూడో తరగతి అని చెప్పాను, గుర్తుందా? 2010లో పోర్చుగల్‌లోని ఎవొరా విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది! ఒకప్పుడు జైల్లో వేసిన దేశమే పిలిచి పట్టా చేతిలో పెట్టింది!

2011 జనవరి 5న పోర్చుగల్‌లోనే ఆసుపత్రిలో కన్నుమూశాడు. 74 ఏళ్లు. సొంత పల్లె మటలానకే తీసుకొచ్చారు.

అయినా బొమ్మలు తిరుగుతూనే ఉన్నాయి! 2020లో అమెరికాలోని ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ షికాగో ఆయన బొమ్మలు 40కి పైగా సేకరించి ప్రత్యేక ప్రదర్శన పెట్టింది!

మన కొత్తపేటలో విగ్రహాలు చేసే శిల్పులున్నారు. వాళ్ల చేతి పని ఊరూరా కూడళ్లలో నిలబడి ఉంది. మీ పిల్లల్ని ఒక పూట అక్కడికి తీసుకెళ్లండి! పని జరుగుతుంటే చూడనివ్వండి. ఇక ఆఫ్రికాలో ఉద్యోగాలు చేసుకుంటున్న మన కోనసీమ వాళ్లకో మాట. ఎప్పుడైనా మపూటో వెళ్తే ఆ మ్యూజియం తోటలోకి తప్పకుండా వెళ్లండి. ఆ గోడ ముందు నిలబడి ఓ ఫోటో తీసి, మీ ఊరి బడికి పంపండి!